ఐదోసారి ఎత్తిన నేల

"మట్టొచ్చిందోయ్! మట్టి! మట్టి!"

వీధి చివర్నుంచి కేక వినపడగానే కాఫీ గ్లాసు అరుగు మీద వదిలేసి పరిగెత్తాను. మా సెమరాంగ్ ఊళ్ళో, సముద్రపు ఒడ్డు వాడల్లో బియ్యం లారీ వస్తే జనం నడుస్తారు, మట్టి లారీ వస్తే పరిగెడతారు. ఎందుకో చెప్తా వినండి. ఇక్కడ నేల ఏటికేడు దిగిపోతోంది. సముద్రం పోటెక్కినప్పుడల్లా ఇళ్ళలోకి వస్తుంది. అందుకని నాలుగైదేళ్ళకోసారి ఇంట్లో మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, పైన సిమెంటు పూసి నేల ఎత్తుకుంటాం. కప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ పని చేసే మేస్త్రిని నేనే, దర్కుమ్‌ని. మా వాడలో సగం మంది వంగి నడుస్తున్నారంటే ఆ పుణ్యం నాదే!

ఆ రోజు మట్టి మా రుకీనా వదినకి. మా అన్న ఆ ఇల్లు కట్టినప్పుడు కప్పు పదకొండు అడుగుల ఎత్తు. అన్న పోయాడు, నేను నాలుగుసార్లు నేల ఎత్తాను, మిగిలింది ఐదడుగులు. ఇది ఐదోసారి. ఈసారి ఎత్తితే మూడున్నర. ఇక ఆ ఇంట్లో కూర్చోవడమే తప్ప నిలబడటం ఉండదు.

"ఇది ఇల్లా, కోళ్ళగూడా అత్తా?" మట్టి గంప దించుతూ అన్నాడు వదిన అల్లుడు కస్దు. "ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తే కాలనీలో పొడి ఇల్లు ఇస్తామంటున్నారుగా. మీ అమ్మాయి వార్తినికి ఎనిమిదో నెల. ఇందులో పాకుతూ కంటుందా?"

కాలనీ అంటే మా వెనక మడ అడవిలో సగం కొట్టేసి, మెరక చేసి కట్టింది. ఊళ్ళో జనం పెరిగారు, ఇళ్ళు చాలవు, అదీ నిజమే. కానీ మడ పోయిన దగ్గర్నుంచి మా వాడలో మోకాలి లోతు నీళ్ళు. ఇప్పుడు కాలనీ కట్టేవాళ్ళకి మిగిలిన సగం కూడా కావాలట. అది కొట్టాలంటే వాడలో అందరూ ఒప్పుకుని వేలిముద్ర వేయాలి, వదిన వేలిముద్ర ఒక్కటే మిగిలింది. గడువు మర్నాడు పొద్దున.

"ఆ మిగిలిన మడ కూడా కొడితే ఇవతల తొమ్మిది వీధులు మునుగుతాయి నాయనా," అంది వదిన. "వాళ్ళ పిల్లలేం చేపలా?"

"వాళ్ళ పిల్లలు సరే. మీ పిల్ల సంగతేంటి?"

వదిన చీపురు తీసుకుని, కాసేపట్లో మట్టి కింద పోయే పాత నేలని శుభ్రంగా ఊడ్చింది.

పొద్దు వాలేవేళకి మట్టి నింపడం అయింది. పోటు మొదలై వాడంతా కరెంటు తీసేశారు. వాకిట్లో లాంతరు పట్టుకుని వార్తిని కూర్చుంది. నేను మోకాళ్ళ మీద నిలబడి, వీపు వాసానికి రాసుకుంటూ దిమ్మిస వేస్తున్నాను. ధబ్... ధబ్... ధబ్. గోడల్లోంచి ఉప్పు వాసన. దాని వెనకే ఇంకో వాసన, కుళ్ళిన మడ ఆకుది. మసీదులో సాయంత్రపు అజాన్ మొదలైంది. పని ఆపాను.

నేను ఆపాను.

కింద ఆగలేదు.

ధబ్... ధబ్...

"బాబాయ్," గుసగుసగా అంది వార్తిని. "నువ్వేనా?"

దిమ్మిస నా పక్కన పడుంది. ఆ చప్పుడు నాకు తెలియందా? ముప్పై ఏళ్ళుగా నా చేతుల్లో ఉంది. కానీ మా కింద బోలు లేదండీ! నాలుగు వరసలూ నేనే కొట్టాను, చీమ దూరే సందు లేదు. అయినా ఎవరో మట్టి కొడుతున్నారు. ఆగి... తాపీతో నున్నగా రాస్తున్నారు... సర్ర్... సర్ర్... మళ్ళీ కొడుతున్నారు. ఈసారి ఇంకొంచెం దగ్గరగా.

కింద కూడా ఎవరో నేల ఎత్తుకుంటున్నారు.

కస్దు మొహంలో నెత్తురు లేదు. పాకుతూ వెళ్ళి చూరులో దోపిన కాగితం, సిరా డబ్బా తెచ్చి వదిన ముందు పెట్టాడు. "అత్తా... మీ కాళ్ళు పట్టుకుంటా. మీ కూతుర్ని ఇక్కణ్ణుంచి పోనివ్వండి."

వదిన కూతురి పొట్ట వంక చూసింది. వెనక మడ వైపు, ఆ తొమ్మిది వీధుల వైపు చూసింది. ఆ మొహం నేను మర్చిపోలేను. మా అన్న శవం దగ్గర కూడా అలా లేదు.

"తిన్నాక వేస్తాను," అంది.

ఆ మాట అన్నదో లేదో... కింద దిమ్మిస పిచ్చెత్తినట్టు పడింది. ధబ్ ధబ్ ధబ్ ధబ్... ఊపిరి తీసుకోకుండా. నీళ్ళు తరుముకొస్తుంటే కొట్టినట్టు. పచ్చి నేల నా అరిచేతుల కింద అదిరింది. తర్వాత ఏదో గుండ్రంగా, గట్టిగా, కింద నుంచి నేలకి తగిలింది. టక్. నిలబడబోతే కప్పుకి తల తగిలినట్టు.

ఆగిపోయింది.

మేం ఎక్కడికి పోతాం? వాకిలి బయట తొడలోతు నీళ్ళు. నేల మీద పలకలు పరిచి, పైన చాప వేశాం. వదిన అన్నం కుండ, ఎండుచేప, మిరపకాయ పచ్చడి మధ్యలో పెట్టింది. నలుగురం మెడలు వంచి చుట్టూ కూర్చున్నాం. వదిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

అప్పుడు చాప కింద నుంచి, సన్నగా, వదిన గొంతు వినపడింది.

"ష్... పైన ఎవరో తింటున్నారు. ఇంకాస్త వంగి కూర్చోండి."

వదిన నోరు నిండా అన్నం ఉంది. పెదవులు మూసే ఉన్నాయి.

ఆ గొంతు వెనకే ఓ పసిబిడ్డ ఏడ్చింది. పుట్టి పదిరోజులు కూడా అయ్యుండదు. ఎవరో నోరు నొక్కారు.

వార్తిని రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. "అమ్మా... వీడు... ఆ ఏడుపు వైపు తిరుగుతున్నాడే."

వదిన వేలిముద్ర పడని కాగితాన్ని మెల్లగా మోకాలి కిందకి తోసి, అందరి పళ్ళాల్లో అన్నం పెట్టింది. చప్పుడు కాకుండా, నలుగురం ఇంకాస్త వంగి తిన్నాం.