తెరకూ మరకూ నడుమ

జెట్టీ మీద జట్టీ మొదలైంది. కలకత్తాకు ఎదురుగా, హౌరా వైపు ఒక ఫెర్రీ ఘాట్‌లో కొత్త గేటు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. వానలో తడుస్తున్న జనం, "దాదా, ఇది గేటా, పాగలా?" అని కేకలు.

"నీ మోటారుకి పిచ్చెక్కినాది!" అంది పుష్పరాణి.

"నీ బటన్‌కే ఎక్కినాది," అన్నాడు జగన్మోహన్.

ఇద్దరిదీ ఒకే కంపెనీ. గేటు నడిపే టచ్‌స్క్రీన్ ఆమె రాసింది, మోటారు తిప్పే కోడ్ అతను రాశాడు. ఆమెది తెర, అతనిది మర. ఆ రెండింటినీ కలిపే పని ఇద్దరిదీ. ఇద్దర్నీ కలిపే పని మాత్రం ఎవరూ నెత్తికెత్తుకోలేదు.

లోపం తొందరగానే దొరికింది. బటన్ నొక్కితే, గేటు పూర్తిగా కదిలేదాకా అతని కోడ్ ఉలకదు, పలకదు. అంతసేపూ తెర బిగుసుకుపోతుంది. గేటు దగ్గరి మనిషి కంగారుపడి మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు. ఆ నొక్కులన్నీ వరసకట్టి గేటుతో గంతులేయిస్తాయి.

"పనయినాక సెప్పడం కాదు జగనూ. ముందు 'విన్నాను' అని సెప్పాల. గేటు కదుల్తున్నంతసేపూ నా బటన్ నేను ఆపేస్తాను."

"పనవకుండా ఏటని సెప్తాం?"

"నీ కోడూ అచ్చం నీలాగే ఉంది."

అతని మొహం పాలిపోయింది. వైజాగ్‌లో ఉద్యోగం వచ్చిందని, "ఎల్లమంటావా?" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో! కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో తనను పెంచిన అమ్మమ్మ అమ్మన్నమ్మను ఒప్పించాకే నోరు విప్పుదామని అతను మౌనం పట్టాడు. ఆ మౌనం ఆమెకు 'వెళ్ళు' అనే వినిపించింది. రేపే రైలు.

కోడ్ మార్చాడు. గేటు బుద్ధిగా తెరుచుకుంది. జనంతో పాటు పుష్పరాణీ పడవెక్కింది.

"ఎల్తాను," అంది, చున్నీ నెత్తిన కప్పుకుంటూ.

అతను జెట్టీ అంచుదాకా పరుగెత్తాడు.

"పుష్పా! నువ్వడిగింది విన్నాను! నువ్వు లేకపోతే ఈ ఊళ్ళో నాకు ఏటీ తోచదు. నన్ను పెళ్ళి సేసుకో! అమ్మమ్మకి ఇంకా సెప్పలేదు, ఉండు!"

ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు. సంగతి విని అమ్మన్నమ్మ పకపకా నవ్వింది.

"పోలయ్య కూతురే కదరా? మొన్ననే మనింటికొచ్చి నన్ను అడిగేసి పోనాది."

"ఏటడిగినాది?"

"నీకు మాటలొచ్చా అని."

పడవంతా నవ్వింది. పుష్పరాణి నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. పడవ కదిలింది.

"మరి వైజాగో?" అరిచాడు.

"ఎల్తాను! మా పెద్దమ్మ ఉన్నాది అక్కడ. వొచ్చి ఆవిడ్నీ అడుగు!"

వాన ఆమెను మసక చేసేసింది. ఆ మసకలోకే చూస్తూ చాలాసేపు నిలబడి, తడి బట్టలతోనే స్టేషన్‌కు నడిచాడు. కౌంటర్‌లో గుమస్తా తలెత్తకముందే, "వైజాగ్!" అన్నాడు.