తగ్గించిన బుక్కెడు

గోదావరిఖని క్వార్టర్లలో ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఇవతల పోపు వేస్తే అవతల తుమ్ముతారు. అలాంటి వరుసలో జమునకు రాజకుమారి లాంటి పక్కింటావిడ దొరకడం అదృష్టమని వాడకట్టంతా అనుకునేది. జమున కూడా అలాగే అనుకుంది, పిచ్చిది.

తెలంగాణ వస్తుందా రాదా అని టీ కొట్ల దగ్గర మగవాళ్లు గొంతులు చించుకుంటున్న ఎండాకాలం అది. జమునకు ఆ గొడవ పట్టలేదు. పెళ్లయి ఏడేళ్లయినా కడుపు పండలేదు. పది కిలోలు తగ్గితే గానీ మందులు కూడా పనిచేయవని కరీంనగర్ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మొగుడు మొగిలి బొగ్గు బాయిలో పనిచేస్తాడు, మంచివాడే. కానీ అతని మేనత్త అప్పుడే వేరే పిల్ల ఊసెత్తుతోంది. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి జమునకు అద్దం చూసుకోవాలంటే భయం.

"ఉత్తగ ఉపాసముంటే తగ్గవు చెల్లె, లెక్క ఉండాలె," అంది రాజకుమారి, జమున ఫోన్ తీసుకుని అందులో ఏదో యాప్ వేస్తూ. "ఏం తిన్నా ఇండ్ల రాయి. ఎన్ని కేలరీలు, ఎంత చక్కెర, అంతా అదే చెప్తది. మా అత్తకు షుగరొచ్చినప్పుడు గిట్లనే రాసిన."

ఆ అత్త, చుట్టలు కాల్చే పోశవ్వ, పోయిన చలికాలంలో చనిపోయింది. పెద్దావిడ మంచాన పడ్డన్నాళ్లూ కొలిచి వండి, కొలిచి పెట్టిన కోడలని రాజకుమారికి మంచి పేరొచ్చింది. అత్త పోయాక ఆమె కూడా బాగా చిక్కింది. బుగ్గలు పీక్కుపోయి, గాజులు మోచేతి దాకా జారేవి. తగ్గితే ఇట్ల తగ్గాలె అని జమున లోలోపల కుళ్లుకునేది కూడా.

యాప్‌లో రాసుకోవడం మొదట్లో సరదాగా ఉండేది. గుప్పెడు పప్పుకి ఇంత, గరిటెడు అన్నానికి అంత. సాయంత్రానికి లెక్క దాటకపోతే తెర పచ్చగా వెలిగేది, దాటితే ఎర్రగా. జమున కంచం ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంటే మొగిలి నవ్వేవాడు. "బువ్వకు గూడ హాజరేస్తున్నవా? నీకన్న మా బాయే నయం గదనే!"

రోజూ పొద్దున్నే వెనక గోడ మీంచి రాజకుమారి ఒక పాత సత్తుగిన్నెలో జొన్నరవ్వ ఉడికించిన గట్క అందించేది. "పొద్దున గిదే తిను. మధ్యాహ్నం అన్నం జర తగ్గించు." ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెను ఉత్తగా తిప్పి పంపడం ఆ వాడకట్టులో తప్పు. అందుకని జమున మధ్యాహ్నం తన కంచంలోంచి తగ్గించిన బుక్కెడు అన్నమే ఆ గిన్నెలో పెట్టి గోడ దాటించేది. పారేయడం కన్నా నయమే కదా. తన కంచం తేలికైంది, అక్క ఇంట్లో పిట్టకో కుక్కకో తిండి దొరికింది అనుకుని ఆమె తృప్తిపడేది.

ఒకరోజు మొగిలి ఫస్టు షిఫ్టుకు వెళ్లాడు. జమున వంట ముగించి పడకగదిలో గచ్చు మీద నడుం వాల్చింది. నైట్ షిఫ్టు వారాల్లో మొగిలి పగలు పడుకోవడానికి ఆ గది కిటికీకి అట్టలు అంటించి ఉంచారు. నడినెత్తిన ఎండ మండుతున్నా లోపల చీకటే. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలింది. వంటింట్లో గిన్నెలు రోజూలాగే గలగలమని, ఆగిపోయాయి.

ఆ తర్వాత చప్పుడు మొదలైంది.

ఎవరో నములుతున్నారు. తీరిగ్గా, పళ్లు లేని నోటితో, తడితడిగా. మధ్యలో ఆగి వేళ్లు నాకిన చప్పుడు. పిల్లి అనుకుంది జమున. పిల్లికి చుట్టకంపు ఎందుకుంటుంది? వంటింటి వైపు నుంచి చుట్ట వాసన, దాని వెనకే మంచాన పడ్డ మనిషి దగ్గరుండే పుల్లటి వాసన గుప్పున కొట్టింది. లేచి వెళ్తే ఎవరూ లేరు. అన్నం గిన్నె మూత తీసి పక్కన బోర్లించి ఉంది. అన్నంలో నాలుగు వేళ్లు దిగిన గుంట ఉంది.

ఫోన్ చూసుకుంటే పొద్దుటి గట్క కింద కొత్త వరస ఒకటి కనిపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో "బుక్కెడు బువ్వ" అని. జమున రాసింది కాదు.

మర్నాడు ఆ మాట చెబితే, నల్లా కింద బిందె పెడుతున్న రాజకుమారి చేయి ఒక్క క్షణం ఆగింది. "ఎలుకలు చెల్లె. ఫోన్ల నీ వేలే తగిలి ఉంటది. ఫికర్ జెయ్యకు."

జమున నమ్మింది. నిజం చెప్పాలంటే నమ్మడానికి ఆమెకు వేరే కారణం కూడా ఉంది. తూకం ముల్లు రోజురోజుకూ దిగుతోంది. అంత సంతోషంలో వంటింట్లో చప్పుడు గురించి ఎవరు తవ్వుకుంటారు? వానలు పడేనాటికి పది కిలోలు పోయాయి. ఇంకో నెల తిరిగేసరికి నెల తప్పింది. మొగిలి డ్యూటీ బట్టల్లోనే గచ్చు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేనత్త నోటికి తాళం పడింది.

"ఇంక ఆ తగ్గుడు చాలు. బిడ్డ కోసం బాగా తిను," అంది డాక్టరమ్మ. జమున యాప్ ముట్టుకోవడం మానేసింది. అయినా గట్క వస్తూనే ఉంది, గిన్నె వెళ్తూనే ఉంది. అక్క ప్రేమగా పంపేది ఎలా వద్దంటుంది? కడుపు నిండా తినేది. రెండోసారి పెట్టుకునేది. కానీ ముల్లు మాత్రం ఆగలేదు. దవడ ఎముకలు తేలాయి. గాజులు మోచేతి దాకా జారాయి. గోడకు అవతల రాజకుమారి బుగ్గలు మాత్రం మళ్లీ నిండుగా మెరుస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం మొగిలి డ్యూటీలో ఉండగా, ఆ చీకటి గదిలో జమున పక్కన ఫోన్ దానంతటదే వెలిగింది. యాప్ తెరుచుకుని ఉంది. ఆమె ముట్టుకోని రోజులన్నీ నిండి ఉన్నాయి. ఒకటే మాట, వరస కింద వరస. "ఇంకో బుక్కెడు. ఇంకో బుక్కెడు." కిందికి జరిపినకొద్దీ అదే...

నమిలే చప్పుడు మొదలైంది. ఈసారి వంటింట్లో కాదు.

గది గుమ్మంలో... తర్వాత కాళ్ల దగ్గర... చుట్టకంపు. తడి ఊపిరి. చల్లటి వేళ్లు ఏవో జమున పొట్ట మీద మెల్లగా తడిమాయి, కుండలో అన్నం ఎంతుందో చూసినట్టు.

"బిడ్డా... ఇంకో బుక్కెడు..."

ఆ గొంతు జమునకు తెలుసు. పోయిన చలికాలమంతా గోడ అవతల నుంచి విన్నది. ఆ అడుక్కునే గొంతు వెనకే "నీ లెక్క అయిపోయింది, ఫోను వద్దంటది" అనే రాజకుమారి మాట కూడా విన్నది. రోగికి పథ్యం పెడుతోందని అప్పుడు మెచ్చుకుంది. అది పథ్యం కాదు, ముసలామె కడుపు ఎండగట్టి చంపడమని ఇప్పుడు, ఈ చీకట్లో, ఎముకల్లోకి దిగేలా అర్థమైంది.

ఎలా లేచిందో, ఎలా పరుగెత్తిందో తెలియదు. రాజకుమారి ఇంటి వెనక తలుపు తెరిచే ఉంది. లోపల రాజకుమారి మర్నాటి గట్క సత్తుగిన్నెలో పోసి, దిష్టి తీసినట్టు ఆ గిన్నెను తన తల చుట్టూ దిగదీస్తోంది. మూడుసార్లు తిప్పి, అందులోకి థూ థూ అని ఉమ్మింది. దిగదీసింది మూడు బాటలు కలిసే చోట పోయాలి. తొక్కితేనే మనిషికి అంటుకుంటుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇన్నాళ్లూ జమున దాన్ని తొక్కలేదు, తిన్నది.

"అక్కా..." అంది జమున. తోడబుట్టిందాని కంటే ఎక్కువనుకున్న మనిషి. నెల తప్పిందని మొగుడి కంటే ముందు చెప్పుకున్న మనిషి.

రాజకుమారి ఉలిక్కిపడింది, తర్వాత కళ్లు దించుకుంది. "అరవకు చెల్లె," అని గుసగుసలాడింది. "మూడు బాటల కాడ ఎన్నిసార్లు పోసిన! పొద్దుగూకేసరికి మళ్ల నా ఇంట్లనే ఉండేది. నా కంచంల చెయ్యి పెట్టేది. నేను సచ్చిపోతుంటి."

"అందుకని నాకు పెట్టినవా? నాకు?"

"నువ్వు ఉత్త గిన్నె పంపి ఉంటే నిన్ను ముట్టకపోతుండె. ఒక్కనాడు గూడ ఉత్తగ పంపలె. ఆ గిన్నె మా అత్తది. నీ చేత్తోని బువ్వ పెట్టినవ్. ఇగ పెట్టిన చెయ్యినే పట్టుకున్నది." రాజకుమారి తలెత్తింది. ఏడుస్తూనే ఉంది గానీ, ఆ నిండు బుగ్గల మీద జారే కన్నీళ్లు చూస్తే జమునకు ఒళ్లు మండింది. "ఊకె తిట్టుకోకు చెల్లె. నువ్వు తగ్గినవా లేదా? నీకు బిడ్డ దొరికిందా లేదా?"

జమున ఆ గిన్నెను లాక్కుని నేలకేసి కొట్టింది. గట్క గోడల నిండా చిందింది. ఆ తర్వాత రాజకుమారి ముఖం చూడలేదు. వారం తిరగకముందే రాజకుమారి వాళ్లు వేరే కాలనీకి మారిపోయారు.

విచిత్రం, ఆ రోజు నుంచి చప్పుడు ఆగింది. అన్నం గిన్నె మూత కదల్లేదు. చుట్టకంపు లేదు. తూకం ముల్లు నిలబడింది, తర్వాత కొంచెం పైకి కూడా వచ్చింది. జమున కిటికీ అట్టలు పీకేసింది. ముసలామె ఉసురు తగలాల్సిన చోటికే పోయిందనుకుంది. రాజకుమారి మీద కోపం మాత్రం కుంపటిలా రగులుతూనే ఉంది. పొట్ట ముందుకొచ్చాక రాత్రుళ్లు దాని మీద చేయి వేసుకుని, అన్నీ పోయినా నువ్వు మిగిలినవ్ అని చెప్పుకునేది.

అయిదో నెలలో స్కానింగు. మొగిలి బయట బల్ల మీద కూర్చున్నాడు. చల్లటి జిగురు పూసి డాక్టరమ్మ పొట్ట మీద మిషను తిప్పుతోంది. "ఇదిగో గుండె, చక్కగా కొట్టుకుంటోంది. ఇది వెన్నెముక. బిడ్డ బాగుంది, వయసుకు మించి పెరిగింది." జమునకు కళ్ల నీళ్లొచ్చాయి. "నోరు ఆడిస్తోంది చూడు, ఏదో నములుతున్నట్టు. భయపడకు, కడుపులో పిల్లలు గుటకలు వేస్తారు."

డాక్టరమ్మ నవ్వుతూ ఇంకొంచెం దగ్గరికి వంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. మిషను అక్కడే నిలిపింది. తర్వాత తెరను జమునకు కనపడకుండా తన వైపు తిప్పుకుని, నర్సును దగ్గరికి పిలిచింది.

"సిస్టర్, ఒకసారి చూడు," అంది గొంతు తగ్గించి. "ఈ నెలకు పళ్లు రావు కదా..."