అడగని ఇంటిపేరు

"మోటారు తిరగకపోతే తీగను చూడాలి మేడం. పిల్లల మొహాలు చూస్తూ కూర్చుంటే తిరుగుతుందా?" అని మొదటి శనివారమే ఉదయకుమార్ లోకేశ్వరిని తమిళంలో దులిపేశాడు.

పోదనూరు రైల్వే కాలనీలోని పాత హాలు అది. బడి లేని రోజుల్లో అక్కడ పిల్లలకు సైన్సు నేర్పుతారు. సైన్సు అతని పని. పిల్లలు తమ కోపాన్నీ భయాన్నీ నోరు విప్పి చెప్పుకొనేలా చేయడం ఆమె పని.

ఆమె పక్కకు తిరిగి, ఫోనులో వాళ్ళమ్మతో తెలుగులో అంది. "ఈ సారుకు గుండె ఉండాల్సిన తావులో మోటారు కాయిలు చుట్టి పెట్టినారమ్మా!"

"నేనే చుట్టుకుంటిని లేండి" అన్నాడతను తెలుగులోనే.

ఆమె నాలుక కరుచుకుంది. "అయ్యో, మీరు మనవాళ్ళా!"

ఆ రోజు నుంచి ఆమె క్లాసు అతనికి భారం కాలేదు. భారమల్లా ఒక్క ప్రశ్న. తమిళనాట ఉండే వాళ్ళ తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస. పెళ్ళి మాటే లేదు. పడుచువాడు ఒక పిల్లను ఇంటిపేరు అడిగాడంటే ఎందుకో అందరికీ తెలుసు. మూడు నెలలుగా అతను అడగలేదు. అడగనంత కాలం ఆమె చెల్లెలు కాదు. ఆ తెలియనితనంలోనే హాయిగా కాపురం పెట్టేశాడు.

కానీ ఇవాళ ఆమెకిక్కడ చివరి శనివారం. సోమవారం నుంచి తేని అనే దూరపు ఊళ్ళోని ఇలాంటి కేంద్రంలో పని.

క్లాసులో అతని మోటారే తిరగలేదు. రాగితీగ కొసల మీది పూత గీకడం మరిచాడు. పిల్లలు పకపకా నవ్వారు.

"ఫెయిలైతే మళ్ళీ ముట్టుకునే ముందు మనసులో ఏముందో చెప్పాలి సార్. మేడం రూలు!" అంది పదేళ్ళ జనని తమిళంలో.

"ఏమీ లేదు."

"మేమలా అంటే మేడం ఒప్పుకోరు."

బయట చినుకులు మొదలయ్యాయి. లోకేశ్వరి చేతులు కట్టుకుని చూస్తోంది.

"భయం" అన్నాడు చివరికి. "ఒకటి అడగాలి. జవాబు ఎలా ఉంటుందోనని."

"ఫెయిలైతేనే తప్పు ఎక్కడుందో తెలుస్తుందని మీరే కదా సార్ చెప్పారు?" అంది జనని.

అతను లోకేశ్వరి వైపు తిరిగాడు. పిల్లలకు అర్థం కాని తెలుగులో, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ ఇంటిపేరు ఏందండి?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "దీనికి మూడు నెలలా? మొదటి వారమే మా అమ్మ మీ ఊర్లో విచారించేసింది. మీరు బొల్లినేనివారు. మేము కాదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"ఎవరి మనసులోది వాళ్ళే చెప్పాల. నా క్లాసే అది కదా."

అతనికి నవ్వొచ్చింది. "అయితే మీ ఇంటిపేరు?"

"రేపు ఆదివారమే. మీ అమ్మను పిలుచుకొని రండి. మా నాయన చెప్తాడు."