పేరు పెట్టని పిలుపు

కొండ కింది గెరిక్ ఊళ్లో వాన అప్పుడే వెలిసింది. ఆ కియోంగ్ అనే చైనా మెకానిక్ షెడ్డులో బిదిన్ తన పాత ఇంజిన్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కొత్తది కారులోకి ఎక్కేసింది. పాతది నూనె మరకల నేల మీద, రెండు చెక్కముక్కల మీద పడి ఉంది.

ఆరువందల అరవై సీసీ, మూడు సిలిండర్లు. ముప్ఫై ఒక్క గుర్రాల బలమని కంపెనీవాళ్లు అన్నారు గానీ, ఆ గుర్రాల్లో సగం ఎప్పుడో ముసలివైపోయాయి. అయినా పిట్ట కొంచెం, కూత ఘనం. దాని జబ్బులు బిదిన్‌కి తన మోకాళ్ల నొప్పులకన్నా బాగా తెలుసు. సిగ్నల్ దగ్గర ఆగితే మూడు సిలిండర్ల వణుకు స్టీరింగ్ దాకా పాకేది. వేడెక్కితే ఫ్యాను తిరగాలి, అది బుద్ధిపుడితే తిరిగేది. కొండ ఎక్కితే రేడియేటర్‌లో నీళ్లు తాగేది, దిగితే ఇంజినాయిల్ తాగేది. చివరికి పోయిన నెల కొండమీద హెడ్ గాస్కెట్ పోయి, తెల్లటి పొగ కక్కి కూలబడింది. హెడ్డు వంగిపోయింది, ఇక బాగుచేసినా నిలవదని ఆ కియోంగ్ తేల్చేశాడు.

వీటన్నిటికీ తోడు ఇంకో జబ్బు ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టక్, టక్ అని రెండుసార్లు కొట్టేది. కాస్త ఆగి మళ్లీ టక్, టక్. వాల్వుల సందు పెరిగింది, ఇట్టే సరిచేస్తానని ఆ కియోంగ్ ఎన్నిసార్లు అన్నా బిదిన్ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఎందుకో చెప్పలేదు. చెబితే నవ్వుతారని అతని భయం.

ఆ కారు అతని భార్య కల్సోం సొంతం. ఎత్తు వస్తే చాలు, ముందు సీటులో కూర్చుని డాష్‌బోర్డు మీద అరచేత్తో రెండుసార్లు తట్టేది, అలసిన గేదెను తట్టినట్టు. “మెల్లగా తల్లీ, మెల్లగా” అనేది. సీటు బెల్టు మాత్రం జన్మలో పెట్టుకోలేదు. పోలీసు కనబడితే పట్టీ లాగి చేత్తో పట్టుకుని నటించేది. “నన్ను కట్టేస్తే గానీ నీకు నిద్రపట్టదా?” అని మొగుడి మీదే ఎగిరేది. ఆమె పోయి, నలభయ్యో రోజు ప్రార్థనలూ అయిపోయాక, బిదిన్ మొదటిసారి ఒంటరిగా కొండెక్కాడు. అంతకుముందు ఎన్నడూ లేని చప్పుడు ఇంజిన్‌లోంచి వచ్చింది. టక్, టక్. అతను కారు పక్కకి ఆపి కడుపారా ఏడ్చాడు. ఆ తర్వాత ఇల్లు బావురుమన్నప్పుడల్లా, పనీపాటా లేకపోయినా, కొండదాకా వెళ్లి వచ్చేవాడు. ఎవరి పిచ్చి వాళ్లకానందం అనుకోండి, ఆ పిచ్చి లేకపోతే అతను ఆ ఏడాది బతికేవాడు కాదు.

“ఎంతసేపు చూస్తావు పాక్‌చిక్?” ఆ కియోంగ్ బాబాయ్ వరస కలిపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “ముద్దుపెట్టి సాగనంపుతావా?”

“దీన్నేం చేస్తావు తౌకే?” అన్నాడు బిదిన్. షెడ్డు యజమానిని అక్కడ తౌకే అనే అంటారు.

“రేపు పాత ఇనుం లారీ వస్తుంది. ఎక్కించక, దండేసి గోడకి తగిలిస్తానా?”

 బిదిన్ షెడ్డు మూలకి చూశాడు. అక్కడ గోడకి ఆనించి సగం కారు ఉంది. జపాన్‌లో పాతబడిన బండ్లను నడుముకి కోసి, ముందు సగాన్ని ఓడెక్కించి పంపుతారు. ఇక్కడి షెడ్లు వాటి ఇంజిన్లు విప్పుకుని బతుకుతాయి. ఈ సగంలోంచి తీసిన ఇంజినే ఇప్పుడు అతని కారులో ఉంది. పక్క సీటులో కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే చోట, పట్టా మీద సన్నటి ఇసుక అట్టకట్టి ఉంది.

“ఇది సునామీలో మునిగిన బండి కాదు కదా?”

“నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. నీళ్లు తాగిన ఇంజిన్ ఇంత బాగా పలుకుతుందా? నువ్వే విను.”

బిదిన్ కారెక్కి తాళం తిప్పగానే పలికింది. కుట్టుమిషన్‌లా, ఒక్క ఎక్కిలి లేకుండా. బిదిన్ రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి చెవి ఒగ్గాడు. టక్కూ లేదు, టిక్కూ లేదు. కారు తనది, రంగు తనది, లోపల గుండెకాయ మాత్రం ఎవరిదో. 

వంగి ఎడమ తలుపు తెరిచాడు. ఖాళీ సీటు మీద దుమ్ము చేత్తో దులిపాడు.

“ఏమేవ్, ఎక్కు. ఇంటికి పోదాం.”

“ఎవర్ని పిలుస్తున్నావు?” అన్నాడు ఆ కియోంగ్.

“మా ఇంటిదాన్ని.”

“ఆవిడకి పేరు లేదా?”

“కాపురం చేసినన్నాళ్లూ పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు పిలిస్తే సిగ్గుపడి చస్తుంది.” అన్నాక ఆ మాట అతనికే గుచ్చుకుంది.

ఆ కియోంగ్ నవ్వలేదు. “పొద్దు గూకే వేళ పేరు లేకుండా పిలవొద్దని మీ ముసలాళ్లే అంటారు కదా పాక్‌చిక్. ఎవరైనా పలకొచ్చంట.”

“పలికితే మంచిదేగా. తోడుంటుంది.”

తలుపు వేసుకున్నాడు. అది ఒక్కసారికే మెత్తగా పడింది. మామూలుగా గట్టిగా లాగితే తప్ప పడని తలుపు అది.

ఊరు దాటాక, కొండ అవతల జెలిలో అతని ఇంటికి పోయే రోడ్డు అడవిలోకి దూరింది. అక్కడ ఏనుగుని ఏనుగనరు, తాత అనే అంటారు. బిదిన్ అలవాటుగా హారన్ కొట్టి, “తాతా, నీ మనవణ్ణి, దారివ్వు” అన్నాడు. ఆ మర్యాదలు అతనెప్పుడూ తప్పలేదు. అడవి తడిసి ముద్దయి ఉంది. అద్దం సందులోంచి నానిన ఆకుల వాసన, చల్లగా. ఆకాశంలో మిగిలిన వెలుగు చెట్ల వెనక్కి జారిపోతోంది. ఎదురుగా ఒక్క బండీ లేదు.

మొదటి ఎత్తు వచ్చింది. మూడో గేరు, తర్వాత రెండు. ఇంజిన్ మూలగకుండా లాగుతోంది. బిదిన్ పక్క సీటు వైపు చూడకుండా అన్నాడు, “బాగానే ఎక్కుతోందే. నీది ఇక్కడికే ఆయాసపడేది.”

టక్, టక్.

అతని చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. కళ్లు నీళ్లతో నిండిపోయాయి. “వచ్చావా,” అన్నాడు. “వచ్చావు కదూ. నేను అనవసరంగా...”  ఆ ఏడాదిలో అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. పక్కింటివాళ్ల కబుర్లు, మేక ఈనిన సంగతి, కూరలో ఉప్పెక్కువైన సంగతి, అన్నీ చెప్పుకుంటూ పోయాడు. మధ్య మధ్య టక్, టక్. ఊకొట్టినట్టే.

కొంతదూరం పోయాక ఒక సంగతి గమనించాడు. చప్పుడు ఇంజిన్‌లోంచి రావడం లేదు. ఇవతలినుంచి వస్తోంది. డాష్‌బోర్డు మీంచి.

పోనీలే, అలా తట్టేదే కదా అనుకున్నాడు.

తర్వాత దిగుడు వచ్చింది. కల్సోం దిగుడులో ఎప్పుడూ తట్టేది కాదు. టక్, టక్. చదును వచ్చింది. టక్, టక్. ఎవరో తొందరపెడుతున్నట్టు.

మళ్లీ ఎత్తు. ఇంజిన్ ఇప్పుడు మూలుగుతోంది. ఒక్క మనిషిని మోస్తున్న మూలుగు కాదది. కారు ఎడమవైపు ఒరిగినట్టుంది. వేడి ముల్లు ఎర్రగీత మీదికి పాకుతోంది. ఫ్యాను తిరిగే చప్పుడు లేదు. లోపల ఒక వాసన మొదలైంది... నానిన ఆకుల వాసన కాదు. ఉప్పు. నాచు. ఎండీ ఎండని సముద్రపు ఒడ్డు వాసన. సముద్రం ఆ కొండకి ఎంతో దూరం.

“ఏమేవ్...” అన్నాడు మెల్లగా.

ఎవరూ పలకలేదు.

కొండకొమ్మున బండ్లు ఆగే చోటు ఉంది. టీ దుకాణాలు మూసేసి ఉన్నాయి. పొగమంచు నేలమీద పాకుతోంది. బిదిన్ కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నిశ్శబ్దం... వేడి ఇనుము చల్లారుతూ చిటపటలాడింది. పక్క సీటు అద్దం లోపలివైపు ఆవిరి పట్టింది. అతని వైపు అద్దం పొడిగా ఉంది.

ఫోన్ మోగింది. అతను ఉలిక్కిపడ్డాడు. ఆ కియోంగ్.

“పాక్‌చిక్...” గుసగుసలాడుతున్నాడు. “ఒక్కడివే ఉన్నావా?”

“ఏం?”

“నీ పాత ఇంజిన్... నేలమీదే ఉంది. బ్యాటరీ లేదు, పెట్రోల్ లేదు. హెడ్డు విప్పి పక్కన పెట్టాను. అయినా కొడుతోంది.”

“ఏం కొడుతోంది?”

“టక్, టక్. నువ్విలా వెళ్లగానే మొదలైంది. మొదట మెల్లగానే... ఇప్పుడు ఆగడం లేదు. షెడ్డు మూసి రోడ్డు మీద నిలబడ్డాను. ఇక్కడికీ వినపడుతోంది. నువ్వే విను.”

వినిపించింది. టక్‌టక్, టక్‌టక్, టక్‌టక్. గేదెను తట్టినట్టు లేదు. లోపల పెట్టి తాళం వేసుకుని వెళ్లిపోతే, తలుపు బాదినట్టుంది.

బిదిన్‌కి అప్పుడు అర్థమైంది. ఆమె ఎప్పుడూ అక్కడే ఉంది. ఆ ఇనుప ముద్దలో. తను దాని ముందే కూర్చుని, లేచి, వదిలేసి వచ్చాడు.

“కల్సోం,” అన్నాడు ఫోన్లోకి. కాపురం చేసినన్నాళ్లూ అనని పేరు. “కల్సోం... నేనే.”

అవతల చప్పుడు ఆగిపోయింది.

ఇవతల, అతని పక్కన, డాష్‌బోర్డు మీద... టక్. టక్. తాపీగా.

“తౌకే,” అన్నాడు బిదిన్. “దాన్ని లారీ ఎక్కించకు. వస్తున్నా. ఇప్పుడే వస్తు—”

సిగ్నల్ పోయింది.

పక్కకి చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు, మర్యాదగా అన్నాడు. “తప్పు నాదేనమ్మా. నిన్ను కాదు పిలిచింది. దిగిపో.”

ఏమీ కదల్లేదు. అతను చెయ్యి చాచి ఎడమ తలుపు గొళ్లెం తడిమి తీశాడు. తలుపు తెరుచుకుంది. పొగమంచు లోపలికి వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే ఏదో తగిలింది. తడిగా, బిగుతుగా, అడ్డంగా.

సీటు బెల్టు.

పెట్టి ఉంది. ఖాళీ సీటుకి అడ్డంగా, వదులు లేకుండా, ఒక మనిషి ఛాతీ మీద ఉన్నట్టు ఉబ్బెత్తుగా. మెల్లగా పైకి లేస్తోంది... దిగుతోంది.

అతను ఎర్రబొత్తాం నొక్కాడు. ఊడలేదు. మళ్లీ నొక్కాడు. బొత్తాం మీద, అతని వేలి పక్కనే, తడి ఇసుక.

తాళంచెవి అతని జేబులోనే ఉంది. హ్యాండ్ బ్రేకు వేసే ఉంది. అయినా ఇంజిన్ అంటుకుంది, కుట్టుమిషన్‌లా, ఒక్క ఎక్కిలి లేకుండా. తెరిచి ఉన్న తలుపు మెత్తగా, ఒక్కసారికే పడింది. కారు గెరిక్ వైపు తిరగలేదు. జెలి వైపు, అతని ఇంటి దిగుడు వైపు, మెల్లగా కదిలింది.

ఇంటికి పోదాం అన్నది అతనే కదా.