తొలి ప్రాణం సీసా

పిచ్చుక ఆరో ఫ్లాస్కు కడుగుతోంది. రెండుసార్లు యాసిడ్, మూడుసార్లు శుద్ధజలం. లోపలికి వేలు పోకూడదు.

"వేలు తగిలితే నీ ప్రాణం అంటుకుంటుందమ్మా," అన్నాడు కెమిస్టు. "నాకు కావలసింది భూమ్మీద ఎవరూ పుట్టనప్పటి సంగతి."

"అలాగేనండి," అంది పనిమనిషి వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంటు పిచ్చుక.

ప్రాణంలేని రసాయనాల్ని ఏడేళ్లు కృత్రిమ మెరుపుల్లో ఉడికించి, తన నకలు తానే తీసుకునే అణువును పుట్టించాడాయన. బల్లమీద చిన్న సీసాలో, బురదరంగులో ఉంది. విదేశీ ముఠాకి చిక్కితే దాన్ని మందులేని జబ్బుగా మార్చి జనంమీదికి వదులుతారు. మళ్లీ పుట్టించడం ఆయన వల్ల కూడా కాలేదు.

చెవికమ్మలోని రిసీవర్ గరగరలాడింది. బాస్.

"నాలుగింటికి ముఠా కారొస్తుంది. కెమిస్టు మరదలు నకిలీ సీసా వాళ్లకి అందిస్తుంది. అందులో ఉన్నది మాడ్చిన చక్కెర నీళ్లు. ఆవిడ డబుల్ ఏజెంటు, కానీ మన మనిషే. నువ్వు తలదూర్చకు."

"మన మనిషని ఎవరన్నారు సార్?" కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున అడిగింది పిచ్చుక.

"ఆవిడే."

పిచ్చుకకి కాలు నిలవలేదు. సర్దిన గాజుసామాను మళ్లీ సర్దింది.

నాలుగవడానికి ఐదు నిమిషాలుందనగా మరదలు వచ్చింది. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, గదినిండా సెంటు.

"బావా, నీ బురద ఇంకా లేచి నడవలేదా?"

"నీ అంత వయ్యారంగా నడవాలంటే నాలుగొందల కోట్ల ఏళ్లు పడుతుంది అమ్మలూ," అని నవ్వి ఆయన పక్కగదిలోకి వెళ్లాడు.

మరదలు బ్యాగు తెరిచింది. ఆమె వీపు అడ్డొచ్చి ఏ సీసా ఎక్కడ పెట్టిందో పిచ్చుకకి కనబడలేదు. ఇటు తిరిగేసరికి ఒకటి బల్లమీద, ఒకటి ఆమె చేతిలో. ఆ చేతికి రబ్బరు గ్లోవ్సు.

వీధిలో హారన్ మోగింది.

"అమ్మగారూ, చక్కెర నీళ్లకి గ్లోవ్సెందుకండీ?"

మరదలు తన చేతులవంక చూసుకుంది. ఎప్పుడు తొడుక్కుందో ఆమెకే తెలియదు. పన్నెండో ఏటనుంచి బావ ఫ్లాస్కులు కడిగిన చేతులవి. ఆయన కష్టాన్ని అమ్ముకుంటూ కూడా మైలపరచలేకపోయాయి.

మరదలి రెండో చేతిలో పిస్టల్ లేచింది. పిచ్చుక తడిగుడ్డ విసిరి మణికట్టుమీద కొట్టింది. పిస్టల్ సింకులో పడింది. జారిన సీసాని నేలకి జానెడెత్తులో ఒడిసిపట్టింది.

గుమ్మంలో కెమిస్టు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో! సింకులోని పిస్టల్‌నీ, కిటికీలోంచి వీధిలో ఆగిన కారునీ చూశాడు. బల్లమీది నకిలీ సీసాని మెల్లగా మరదలి ముందుకి జరిపాడు.

"ఇది పట్టుకెళ్లు అమ్మలూ. ఉత్తచేతులతో వెళ్తే వాళ్లు నిన్ను బతకనివ్వరు."

ఆమె గ్లోవ్సు విప్పి బల్లమీద పెట్టింది. సీసా తీసుకుని ఇల్లు దాటి వెళ్లిపోయింది. వీధిలో నలుగురు సాయుధులు దిగి, చక్కెర నీళ్ల కోసం వినయంగా కారు తలుపు తీసి పట్టుకున్నారు.