తలుపు కింద చీటీలు

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి రచయిత్రి తన గది తలుపు పిడికి ఎర్ర రుమాలు కట్టిందంటే, ఇక కొంపలంటుకున్నా ఎవరూ తలుపు కొట్టకూడదు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. పిల్లలు ఎగబడి చదివే ఎనిమిది పుస్తకాలు ఆ రుమాలు చాటునే పుట్టాయి. అన్నింట్లోనూ బొటనవేలంత చీటీపిల్ల ఉంటుంది. మూసిన తలుపు వెనక ఉండే రాక్షసమ్మకి తలుపు కింది సందులోంచి చీటీలు పంపుతూ ఉంటుంది.

తొమ్మిదోది, ఆఖరిది, ఈ సాయంత్రానికల్లా సంపాదకురాలికి పంపాలి. సరిగ్గా ఇవాళే కూతురు తన ఆరేళ్ళ చిట్టిని వెంటబెట్టుకుని వచ్చింది. కూతురు పళ్ళ డాక్టరు.

"బడికి పది రోజులు సెలవులమ్మా. ఇవాళ మధ్యాహ్నం దాకా చూసుకో. సరిగ్గా జరిగితే రోజూ నీ దగ్గరే దింపుతా."

"అంటే నాకు పరీక్షా?"

"అవును. పాసవ్వాలి మరి." కూతురు నవ్వింది కానీ, వెళ్తూ వెళ్తూ తలుపు పిడి వంక ఒకసారి చూసింది.

ఆమె గుమ్మం దాటగానే రుమాలు బయటికి వచ్చింది.

"ఒక్క గంటే తల్లీ. ఏదన్నా కావాలంటే చీటీ రాసి తలుపు కిందనుంచి తోసెయ్, చీటీపిల్లలాగా."

చిట్టి ఆనందానికి అంతు లేదు. ఆ గంట కాస్తా మూడు గంటలైంది. ముగింపు మాత్రం ఎంత గింజుకున్నా కుదరడం లేదు. అప్పుడు తలుపు కిందనుంచి ఒక చీటీ వచ్చింది.

"అమ్మమ్మా గ్లాసు పగిలింది. నేనే ఎత్తేశాను. నువ్వు రాసుకో."

కాగితం మూలన ఎర్రగా పులిమి ఉంది. రంగులు కూడా వేసింది దొంగపిల్ల అని రచయిత్రి తెగ ముచ్చటపడింది. గ్లాసుని గాజుకోటగా మార్చి, మిగతా మాటలు ఉన్నవున్నట్టు చివరి పేజీలో దింపేసింది. చదువుకుని కళ్ళొత్తుకుంది. తన రాతకి తనే ఏడవడం ఆవిడకి మొదటినుంచీ అలవాటు.

తలుపు దబదబా మోగింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

తీసేసరికి ఎదురుగా కూతురు. పక్కన చిట్టి, గౌను అంచు వేలికి చుట్టుకుని నిలబడి ఉంది. అంచంతా నెత్తురు.

"నేనొచ్చేసరికి ఇక్కడ నేలమీద బోర్లా పడుకుని ఉంది. పిలిస్తే, ష్, అమ్మమ్మ రాసుకుంటోంది అంటోంది."

"అయ్యో, నాకు చెప్పలేదేం బంగారం?"

"చెప్పాను కదమ్మమ్మా. చీటీ పంపాను."

కూతురు లోపలికి వచ్చి బల్ల మీది చీటీ చూసింది. కంప్యూటర్ తెర మీది పేజీ చదివింది.

"ఇది కూడా వాడేశావా అమ్మా?"

"అంత బాగా రాస్తేనూ..."

"నేనూ బాగానే రాశాను. జ్వరం వచ్చింది, తడిగుడ్డ నేనే వేసుకున్నా అని. నీ మూడో పుస్తకంలో ఉంది. నా దగ్గరికొచ్చే పిల్లలు కుర్చీలో కూర్చుని, ఆ పేజీ చదివి ఏడ్చామని చెప్పి మరీ నోరు తెరుస్తారు. ఆ రోజు నువ్వు తలుపు ఎప్పుడు తీశావో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అనలేదే ఈ మాట."

"ఎప్పుడనమంటావు? రుమాలు కట్టి ఉండేది కదా."

కూతురు చిట్టిని ఎత్తుకుని పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బల్ల మీద ఫోను మోగింది, సంపాదకురాలు. రచయిత్రి తీయలేదు. అలమరలోంచి పాత బిస్కెట్ల డబ్బా దించి మూత తీసింది. కూతురి చిన్నప్పటి చీటీలన్నీ అందులోనే భద్రంగా ఉన్నాయి. ప్రతిదాని వెనకా ఏ పుస్తకం, ఏ అధ్యాయం అని తన దస్తూరీ. ఒక్కదానికీ జవాబు లేదు.

జ్వరం చీటీ దొరికింది. ఆవిడకి అంతా గుర్తొచ్చింది. అది చదివాక ముందు మూడు పేజీలు రాసుకుంది. ఆ తర్వాతే తలుపు తీసింది. ఏడేళ్ళ పిల్ల గడప దగ్గరే ముడుచుకుని నిద్రపోయి ఉంది, ఒళ్ళు కాలిపోతూ. సిగ్గుతో రచయిత్రి తల వాలిపోయింది. రాక్షసమ్మని ఎక్కడినుంచి తెచ్చారని చదివినవాళ్ళు అడిగితే, ఊహ అని చెప్పుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

ఆ చివరి పేజీ మొత్తం చెరిపేసింది. రుమాలు విప్పింది. మోకాళ్ళు మొరాయిస్తున్నా పడగ్గది ముందు నేలమీద చతికిలబడి, చీటీ రాసి తలుపు కిందకి తోసింది.

లోపల చిట్టి కూడబలుక్కుంటూ చదవడం వినిపించింది.

"జ్వ...రం వచ్చిన రోజు నేను వెంటనే తలుపు తీయలేదు. తప్పు చేశాను తల్లీ. చిట్టి వేలు ఎలా ఉంది? లోపలికి రావచ్చా?"

రచయిత్రి తలుపు కింది సందు వంకే చూస్తూ కూర్చుంది. గచ్చు చల్లగా ఉంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళకి లోపలి అడుగులన్నీ వినిపిస్తాయని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

చాలాసేపటికి గడియ తీసిన శబ్దం. కూతురి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, చేతిలో చీటీ.

"ఇది ఏ పుస్తకంలోకి?"

"దేంట్లోకీ కాదమ్మా. నీకే."

కూతురు చీటీ మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చెయ్యి అందించి తల్లిని లేపింది.

"రా. మందు వేస్తుంటే చెయ్యి లాగేసుకుంటోంది. పట్టుకునే మనిషి కావాలి."

అవతలి గదిలో ఫోను మళ్ళీ మోగింది.

"అమ్మమ్మా, ఫోను" అంది చిట్టి.

"మోగనీ" అంది రచయిత్రి, ఆ చిన్న చేతిని రెండు చేతులా పట్టుకుని.