అన్నం తినని హీరోయిన్

"మీ హీరోయిన్‌కి ఆకలి వెయ్యదాండీ?"

అమలాపురం గడియారస్తంభం పక్క సందులో ఉన్న డీటీపీ సెంటర్లో మెర్సీ అడిగిన మొదటి ప్రశ్న ఇది. తన నవల ఆమె చేతికిచ్చిన ఐదో రోజున, "అద్భుతం" అనే మాట వినడానికి కొత్త చొక్కా వేసుకుని మామిడికుదురు నుంచి బండి మీద వచ్చాడు సుభాష్.

"అంటే... అర్థం కాలేదండి."

"మూడొందల పేజీలు చదివేనండి. ఆ అమ్మాయి ఏడ్చింది, నవ్వింది, వానలో పదకొండుసార్లు తడిసింది. ఒక్కపూట అన్నం తినలేదు. కనీసం జలుబైనా చెయ్యలేదు."

సుభాష్ ఏసీ మెకానిక్. ఆరేళ్లు దోహాలో పనిచేసి పోయిన ఏడాదే తిరిగొచ్చాడు. అక్కడ సెలవు రోజుల్లో, ఎనిమిదిమంది ఉండే గదిలో పై మంచం మీద కూర్చుని ఈ నవల రాశాడు. కథ దాదాపంతా స్విట్జర్లాండ్‌లో. హీరో విక్రమాదిత్య, కోటీశ్వరుడు. సుభాష్ స్విట్జర్లాండ్‌ని ఫోన్లో చూశాడు. కోటీశ్వరుల్ని కూడా ఫోన్లోనే.

"మీ పని టైపు చెయ్యడం కదండీ?" అన్నాడు, గొంతు కాస్త పెంచి.

"చదవకుండా ఎలా కొడతామండీ? చదివితే కోపం వచ్చింది. మంచాల కింద ఎన్ని పుస్తకాల కట్టలున్నాయో నాకు తెలుసండి. వెయ్యి కాపీలు వేయిస్తారు, సభ పెట్టి శాలువా కప్పించుకుంటారు. తర్వాత ఎలకలు చదువుతాయి."

సుభాష్ ఫైలు లాక్కుని బయటికి నడిచాడు. అప్పుడే వాన మొదలైంది. వెనక నుంచి మెర్సీ ప్లాస్టిక్ కవరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఎంత మంచిదో అనుకున్నాడు.

"మీరు తడిస్తే తడవండి. కాయితాలు ఏం పాపం చేసేయండీ?" అంది.

ఆ కసితోనే సుభాష్ నవల మొత్తం ఫోటోలు తీసి, నెట్లో దొరికిన ఒక ప్రచురణ సంస్థకి పంపాడు. మూడో రోజునే జవాబు వచ్చింది. 'మీ కవితా సంపుటి మా హృదయాలను కదిలించింది. ముద్రణ ప్యాకేజీల వివరాలు జతచేశాం.'

తను రాసినదాంట్లో కవిత ఎక్కడుందా అని ఓ గంట వెతుక్కున్నాడు. వాళ్లు ఒక్క పేజీ కూడా తెరవలేదని ఆ తర్వాతగానీ తట్టలేదు.

మర్నాడు ఫైలు పట్టుకుని మళ్లీ డీటీపీ సెంటర్‌కే వెళ్లాడు. ఆ మెసేజ్ చూసి మెర్సీ పడీపడీ నవ్వింది. అతని మొహం చూసి ఆపేసింది.

"సారీ అండి."

"పర్లేదండి. ఆరేళ్లు రాసేను. నాకు రాయడం రాదేమో."

"రెండొందల పన్నెండో పేజీ తియ్యండి."

ఆ పేజీలో విక్రమాదిత్య దోహాలో ఒక హోటల్లో దిగుతాడు. ఏసీ పాడవుతుంది. బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్ మండుటెండలో డాబా మీద నిలబడి, వాళ్లమ్మ పంపిన వాయిస్ మెసేజ్ వింటుంటాడు. చుట్టూ ఉన్న ఏసీల ఫ్యాన్ల మోతలో వినపడక మూడుసార్లు పెట్టుకుంటాడు. ఒకటిన్నర పేజీ. తర్వాత ఆ మెకానిక్ మళ్లీ కనపడడు.

"ఇక్కడ టైపింగ్ ఆపేసేనండి" అంది మెర్సీ, కళ్లజోడు పెన్ను మూతతో పైకి తోసుకుంటూ. "ఈ ఒకటిన్నర పేజీ మీరు రాసేరు. మిగతాది ఎవరో రాసేరు. ఈ మెకానిక్ కథ రాయండి."

వానాకాలమంతా అదే పని. ప్రతి శనివారం పది పేజీలు పట్టుకొచ్చేవాడు.

"నోటితో చదవండి. ఊపిరి అందనిచోట వాక్యం విరగ్గొట్టండి."

"మొదటి అధ్యాయం తీసెయ్యండి. కథ రెండోదాంట్లో మొదలైంది."

"మొత్తం అయ్యేక వేరేవాళ్లతో దిద్దించండి. మన తప్పులు మన కళ్లకి ఆనవు."

"వెయ్యి కాదండి, వందే వేయిద్దాం. అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు."

అన్నిటికీ తలూపి "ఆయ్" అనేవాడు. ఇంటికెళ్లి తిట్టుకునేవాడు. తర్వాత చదువుకుంటే ఆవిడ చెప్పిందే బాగుండేది. అదింకా ఒళ్లుమంట.

కొత్త నవలలో హీరోయిన్ ప్రసన్న నర్సు. డ్యూటీ దిగి నిన్నటి చేపల పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకుని తింటుంది.

"ఈ ప్రసన్న కళ్లజోడు పెన్ను మూతతో పైకి తోసుకుంటుందేంటండీ?" అంది మెర్సీ ఒక శనివారం, పెన్ను మూతతో కళ్లజోడు తోసుకుంటూ.

"అలా చేసేవాళ్లు ఉంటారండి."

"ఎక్కడ?"

"అమలాపురంలో."

ఆ రోజు మెర్సీ ఇంక ఏ వాక్యం కొట్టెయ్యలేదు.

అక్టోబరులో పేజీలన్నీ సిద్ధమయ్యాయి.

"అంకితం ఎవరికండీ?"

"నా భార్యకి."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. మెర్సీ తెరమీంచి కళ్లు తిప్పలేదు. "మీకు పెళ్లయిందని ఎప్పుడూ చెప్పలేదండి."

"కాలేదండి."

"మరి?"

"పుస్తకం వచ్చేలోపు అవుతుందేమోనని."

"ఎవరితో?"

"అది మీరు చెప్పాలండి."

ఆమె స్పేస్ బార్ మీద వేలు రాసింది. "లేని భార్యకి అంకితమిస్తే అచ్చుతప్పవుతుందండి."

"దిద్దండి మరి."

"నేనొక్కదాన్నీ దిద్దేది కాదు. ఆదివారం ఆరాధన అయ్యేక ఇంటికి రండి. నాన్నగారుంటారు."

మెర్సీ నాన్నగారు ఎలీషా రిటైరైన తెలుగు మాస్టారు. సుభాష్‌ని కుర్చీలో కూర్చోబెట్టి కులాసాలూ కబుర్లూ ఏమీ అడగలేదు.

"మా అమ్మాయి నీది ఎన్ని పేజీలు కొట్టేసిందయ్యా?"

"రెండొందలుంటాయండి."

"కోపం రాలేదా?"

"వచ్చిందండి. చాలా వచ్చిందండి."

"మళ్లీ శనివారం ఎందుకెళ్లేవు?"

"అవి తీసేస్తేనే బాగుందండి."

మాస్టారు వంటింట్లో ఉన్న భార్యని కేకేశారు. "స్టెల్లా! టీ పెట్టు. ఇతనైతే తట్టుకుంటాడు."

డిసెంబరులో చర్చిలో పెళ్లయింది. జనవరిలో వంద కాపీలు వచ్చాయి. కట్ట విప్పి మొదటి కాపీ తెరిచిన మెర్సీ నలభయ్యో పేజీ దగ్గర కెవ్వుమంది.

"అచ్చుతప్పు! నేను నాలుగుసార్లు చూసేను!"

"ఉండనివ్వండి. రెండో ముద్రణలో దిద్దుదాం."

"దిద్దుదాం. ముందు మీ నోట్లోది దిద్దుకోండి. పెళ్లాన్ని ఎవరైనా ఇంకా 'అండీ' అంటారా?"

"ఆయ్, మానేస్తానండి."